ఆటలో అరటిపండు చేయకండి

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచారంటే ప్రాథమిక పాఠశాలలో ఇక పాఠాలకన్నా పండగల హడావుడే ఎక్కువ. నవంబరు 14న బాలల దినోత్సవం, డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం, సంక్రాంతి సెలవులకు ముందు ముగ్గులూ గొబ్బెమ్మలూ, జనవరి 26న జెండా వందనం, ఆ చుట్టుపక్కలే ఆటల పోటీలు, ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వార్షికోత్సవం. మధ్యలో ఒక పిక్నిక్కు, రెండు మూడు తల్లిదండ్రుల సమావేశాలు. పిల్లల డైరీలో వరసగా చీటీలొస్తాయి. తెల్ల చొక్కా కావాలి, ఎర్ర పరికిణీ కావాలి, నూటయాభై రూపాయలు కావాలి, సంతకం కావాలి.

ఆ చీటీలు చూసి విసుక్కోని ఇల్లుండదు. అయితే ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మిగతావాళ్ళతో కలిసి చదువుకునే బళ్ళకు ఈ నాలుగైదు నెలలే అసలు పరీక్ష. తరగతి గదిలో టీచరు ఉంటుంది, పాఠం ఉంటుంది, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆవిడే చెబుతుంది. గది దాటి బయటికొచ్చాక, అంటే మైదానంలో, స్టేజీ మీద, పిక్నిక్కు బస్సులో, పుట్టినరోజు కేకు చుట్టూ, ఎవర్ని పక్కన నిలబెట్టుకోవాలో పిల్లలే తేల్చుకుంటారు. ఇంట్లో మన నోట విన్నదాన్ని బట్టే తేల్చుకుంటారు. అందుకే ఈ నాలుగు మాటలూ తల్లిదండ్రులతో చెప్పాలనిపించింది.

మన వీధుల్లో పిల్లలకు ఒక ఏర్పాటుంది. దాగుడుమూతలాడుతుంటే ఎవరి చిన్న తమ్ముడో ఏడుస్తూ వచ్చి నన్నూ చేర్చుకోమంటాడు. వాణ్ణి అరటిపండుగా పెట్టుకుంటారు. వాడూ పరిగెడతాడు, వాడూ దాక్కుంటాడు, కానీ దొరికినా దొంగ కాడు, ఔటయినా ఔటు కాదు. మూడేళ్ళవాడికి అది సరదాగానే ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లకు మాత్రం తను లెక్కలో లేనని తెలిసిపోతుంది. మన బళ్ళలో చాలాచోట్ల ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని కార్యక్రమాల్లో చేర్చుకునే తీరు అచ్చంగా ఇదే. వెనక వరసలో చెట్టు వేషం, లేకపోతే చేతిలో ఒక జెండా, పరుగు పందెంలో అందరూ గీత దాటాక చప్పట్ల మధ్య ఒంటరి నడక, చివర్లో ఓ కన్సొలేషన్ బహుమతి. ఫొటో బాగానే వస్తుంది. ఆట మాత్రం ఆ పిల్లకు దక్కలేదు.

దివ్యాంగుల హక్కుల చట్టం అనగానే మనకు పింఛను, రిజర్వేషను, సదరం సర్టిఫికెట్టు గుర్తొస్తాయి. 2016లో వచ్చిన ఆ చట్టంలో 16వ సెక్షన్ ఒకసారి చదవండి. ప్రభుత్వ నిధులతో నడిచేవైనా, ప్రభుత్వ గుర్తింపు పొందినవైనా, విద్యాసంస్థలు వివక్ష లేకుండా ఈ పిల్లల్ని చేర్చుకోవాలని అందులో ఉంది. అక్కడితో ఆగలేదు. చదువుతో పాటు ఆటల్లో, వినోద కార్యక్రమాల్లో కూడా మిగతావాళ్ళతో సమానంగా అవకాశం ఇవ్వాలని స్పష్టంగా రాశారు. కాబట్టి ‘మీ బాబు పిక్నిక్కుకు వద్దులెండి, మాకెందుకొచ్చిన రిస్కు’ అని బడివాళ్ళు అంటే, అదేదో వాళ్ళ మంచి మనసుకు సంబంధించిన విషయం అనుకుని తలూపి వచ్చేయనక్కర్లేదు. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21 ఉన్నాయి. ఆటిజం ఉంది, చదవడంలో రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులున్నాయి, తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్త సంబంధమైనవీ ఉన్నాయి. అంటే చూడ్డానికి ‘బాగానే ఉన్నాడు కదా’ అనిపించే పిల్లలు కూడా ఆ లెక్కలోకి వస్తారు.

ఒక మండల ప్రాథమిక పాఠశాలలో వార్షికోత్సవం రిహార్సలు చూశాను. వరండాలో స్పీకరు బాక్సు పెట్టారు. పాట మొదలైందో లేదో, రెండో తరగతి పిల్లాడొకడు రెండు చెవులూ మూసుకుని గోడకేసి తిరిగాడు. ఆటిజం ఉన్న బాబు. పక్కనున్న పిల్లలు వాణ్ణి చూసి ఆగిపోయారు, డాన్సు చెదిరింది. ఇలాంటప్పుడు మామూలుగా జరిగేదేమిటో మీకూ తెలుసు. ఆయమ్మ వచ్చి పిల్లాణ్ణి లోపలికి తీసుకుపోతుంది, రిహార్సలు సాగిపోతుంది, వార్షికోత్సవం నాటికి వాడి పేరు జాబితాలో ఉండదు. ఈ టీచరమ్మ అలా చేయలేదు. స్పీకరును వరండా చివరికి జరిపించింది, సౌండు సగానికి తగ్గించింది, ఫోను తెచ్చి వాడి చేతికిచ్చింది. ‘నువ్వు మూడు లెక్కపెట్టి నొక్కితేనే పాట’ అంది. వాడు ఒకటి, రెండు అని ఆగి, అందరి మొహాలూ చూసి, మూడు అని నొక్కాడు. చెవులు ఈసారి మూసుకోలేదు. చెప్పాపెట్టకుండా మీదపడే శబ్దంతోనే వాడికి తంటా. తను నొక్కితే వచ్చే శబ్దం అంత భయపెట్టలేదు. రెండు రోజులయ్యాక నొక్కేసి పరిగెత్తుకెళ్ళి వరసలో నిలబడ్డం మొదలుపెట్టాడట. పక్కపిల్లలకన్నా ఒక అడుగు వెనకబడే వేస్తాడు స్టెప్పు. వేస్తాడు మాత్రం.

గేటు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న తల్లి ఒకావిడ పక్కావిడతో గొంతు తగ్గించి, ‘ఆ అబ్బాయి వల్ల మొత్తం డాన్సు పాడవదూ’ అంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. కూతురికి మిషను దగ్గర కూర్చుని స్వయంగా లంగా కుడుతోంది, మంచి వీడియో తీసి పుట్టింటివాళ్ళకు పంపాలనుకుంటోంది. ఆ ఆశ తప్పేం కాదు. కాకపోతే ప్రాథమిక బడి వార్షికోత్సవం టీవీ డాన్సు షో కాదని మనం ముందు ఒప్పుకోవాలి. స్టెప్పులు తప్పకపోతే బాగుండు అనుకునే తల్లిదండ్రులు ఉన్నంతకాలం టీచర్లు బాగా చేసే పదిమందినే ఏరుకుంటారు. అలా ఏరడంలో ముందు పోయేది ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. ఆ వెనకే బిడియపడే పిల్ల, నల్లగా ఉందని ముందు వరసలో పెట్టని పిల్ల, బట్టలు కొనలేని ఇంటి పిల్ల. ఎవరి పిల్ల వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

స్టేజీ గురించి ఒక మాట. చక్రాల కుర్చీ వాడే పిల్లలుంటే ర్యాంపు కావాలి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉంటేనే ఆ వాలు సరైనదని లెక్క. షామియానావాళ్ళు మూడడుగుల ఎత్తు స్టేజీ వేస్తారు, అంటే ముప్ఫయ్యారు అడుగుల ర్యాంపు. ఏ బడీ అంత కట్టలేదు. కట్టామనిపించడానికి చెక్క పలక ఒకటి ఏటవాలుగా ఆనించి, నలుగురు కుర్చీని పట్టుకుని పైకి తోస్తారు, జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తారు, పిల్ల సిగ్గుతో తల దించుకుంటుంది. దానికన్నా స్టేజీ మానేసి నేల మీదే జంపఖానా పరిచి, ప్రేక్షకుల్ని మూడువైపులా కూర్చోబెడితే సరిపోతుంది. మన వీధి భాగవతాలు ఊళ్ళో అందరూ చుట్టూ చేరి చూసినవే. ఖర్చూ తగ్గుతుంది. వచ్చే అతిథులకు ఎత్తు మీద కుర్చీ కావాలంటే అది వేరే సంగతి.

ఇక ఆటలు. నియమం కొంచెం మారిస్తే చాలా ఆటలు అందరివీ అవుతాయి, ఆటలో పస ఏం పోదు. కుర్చీలాటలో పాట ఆపడంతో పాటు పైకెత్తిన ఎర్ర జెండా దించితే వినపడని పిల్ల కూడా అదే క్షణంలో కుర్చీకోసం ఉరుకుతుంది. నిమ్మకాయ చెంచా పందెంలో చేతులు వణికే బాబుకు చెంచా బదులు గుంట గరిటె ఇవ్వండి. చూపు లేని పిల్ల పరిగెత్తాలంటే తన చేతికీ, తోడు పరిగెత్తేవాళ్ళ చేతికీ కలిపి చిన్న తాడు చాలు. పారాలింపిక్స్‌లో చూపులేని క్రీడాకారులు తోడు పరుగెత్తేవాళ్ళతో అలాగే పరిగెడతారు. అంధుల క్రికెట్‌లో ప్లాస్టిక్ బంతిలో బేరింగు గుళ్ళు వేస్తారు, బంతి దొర్లుతుంటే గలగలమంటుంది, ఆ చప్పుడును బట్టే బ్యాటు వేస్తారు. ఆ బంతితో కళ్ళకు గంతలు కట్టుకుని మీ పిల్లల్నీ ఒక ఓవరు ఆడమనండి. చూపులేని పిల్ల వాళ్ళకు మొదటిసారి కోచ్ అవుతుంది.

నియమం మార్చాక మాత్రం నిజంగా ఆడనివ్వండి. ఓడితే ఓడిందనే చెప్పండి. ఓడిపోయే హక్కు లేని ఆట ఆట కాదు. పరుగులో వెనకబడితే వెనకబడిందని తెలియాలి, రేపు ముందుకొస్తే ఆ గెలుపు తనదేనని కూడా తెలియాలి. వరంగల్ జిల్లా కల్లెడ ఊరి అమ్మాయి దీప్తి జీవాంజి సంగతి మీరు వినే ఉంటారు. కూలి చేసుకునే ఇంట పుట్టింది, మేధోపరమైన వైకల్యం ఉంది, ఊళ్ళో ఎన్నో మాటలు పడింది. బళ్ళో పీఈటీ సారు ఆమె పరుగు చూసి, ఇది గమనించాల్సిన పరుగు అనుకున్నారు. 2024లో కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు కొట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అందరు పిల్లలూ దీప్తులవుతారని చెప్పడం లేదు, అలాంటి ఆశ పెట్టడం కూడా పిల్లల మీద బరువే. బడి ఆటల్లో నిజంగా పరిగెత్తనిచ్చారు కాబట్టి ఆ పరుగు ఎవరికో ఒకరికి కనబడింది. చెప్పదలచుకున్నది అంతే.

ఉత్సాహంతో పాటు కొంచెం జాగ్రత్త కూడా కావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ కీళ్ళు వదులుగా ఉంటాయి, పల్టీలు కొట్టించే ముందు డాక్టరును అడగాలి. మూర్ఛలు వచ్చే పిల్లల్లో కొందరికి మిణుకు మిణుకుమనే డిస్కో లైట్లు పడవు. సికిల్ సెల్ ఉన్న పిల్లలు, ముఖ్యంగా ఏజెన్సీ బళ్ళలో, ఎండలో నీళ్ళు లేకుండా ఆడినా, చలిలో వణికినా నొప్పులతో విలవిల్లాడిపోతారు. వాళ్ళను ఆట మాన్పించనక్కర్లేదు, నీళ్ళ సీసా, మధ్యలో కాస్త కూర్చోవడానికి నీడ ఉంటే చాలు. వినికిడి మిషను పెట్టుకున్న పిల్లలకు చుట్టూ ఉన్న రొద కూడా పెద్దగానే వినపడుతుంది కాబట్టి వాళ్ళను స్పీకరు పక్కన నిలబెట్టకూడదు.

ఇవన్నీ టీచరుకు ఎలా తెలియాలి? ఇంటివాళ్ళే చెప్పాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల అమ్మానాన్నలకు నా మొదటి విన్నపం ఇదే. సంవత్సరం మొదట్లో ఒక కాగితం మీద పిల్ల గురించి తెలుగులో తేలిగ్గా రాసివ్వండి. ఏమంటే ఇష్టం, దేనికి భయపడుతుంది, బాత్రూముకు వెళ్ళాలంటే ఎలా సైగ చేస్తుంది, ఏ మందు ఏ వేళకు, ఏడుపొస్తే ఏం చేస్తే తగ్గుతుంది. డాక్టరు రిపోర్టుల జిరాక్సులు ఇస్తే బీరువాలోకి పోతాయి, ఈ కాగితం టేబులు అద్దం కింద ఉంటుంది. మీ మండలంలో ఈ పిల్లలకోసం ఉన్న భవిత కేంద్రం నుంచి సహిత విద్య టీచరు మీ బడికి ఎప్పుడొస్తారో కనుక్కోండి. వార్షికోత్సవానికి ముందు వాళ్ళు వచ్చిన రోజున క్లాసు టీచరునూ వాళ్ళనూ కలిపి కూర్చోబెట్టండి. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండు, బడికి తీసుకొచ్చేవారికి ఎస్కార్టు అలవెన్సు, రవాణా అలవెన్సు ఉన్నాయి. బ్యాంకు ఖాతా వివరాలు సరిగా లేక ఆగిపోయాయేమో ఆ రోజే అడిగేయండి.

రెండో విన్నపం కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. వార్షికోత్సవం రోజు పిల్లను ఇంట్లో ఉంచేసుకోకండి. ‘ఎందుకులే, అందరి ముందూ ఏడిస్తే’, ‘వాళ్ళకు ఇబ్బంది’ అనుకుని చాలామంది ఆగిపోతారు. పాత గాయాలుంటాయి, అర్థమవుతుంది. కానీ ఒక ఏడు రాకపోతే మరుసటి ఏడు టీచరు జాబితా రాసేటప్పుడు ఆ పేరు గుర్తురాదు. రెండు గంటలు కూర్చోలేకపోతే అరగంటకే తీసుకురండి. ముందురోజు సాయంత్రం ఖాళీ షామియానా కిందకు తీసుకెళ్ళి తిప్పండి. మధ్యలో ఏడిస్తే బయటికి తీసుకెళ్ళి మళ్ళీ తీసుకురండి. ఏడవని పిల్లలున్న వార్షికోత్సవం ఎక్కడైనా ఉందా?

మిగతా తల్లిదండ్రులకు చెప్పాల్సింది ఇంకొంచెం ఎక్కువ ఉంది. మీ అమ్మాయి ఇంటికొచ్చి, ‘అమ్మా, ఆ అబ్బాయి ఎందుకలా మాట్లాడతాడు?’ అని అడుగుతుంది. వెంటనే ‘ష్, అలా అనకూడదు’ అంటాం. దాంతో అది మాట్లాడకూడని విషయమని పిల్లకు అర్థమవుతుంది, అక్కణ్ణించి ఆ అబ్బాయితో కూడా మాట్లాడదు. తెలిసినంత నిజం చెప్పేయండి. వాడికి మాట రావడానికి కాస్త టైము పడుతుంది, నువ్వు ఆగి విను, అర్థం కాకపోతే మళ్ళీ అడుగు. ఇంత చాలు. పాపం అనకండి, దేవుడు శిక్షించాడనకండి, దేవుడి బిడ్డ అని కూడా అనకండి. రెండో తరగతి పిల్లకు పక్కన కూర్చునేవాడు కావాలి, దేవుడి బిడ్డతో అదేం ఆడుతుంది?

ఇంకో పొరపాటు మంచివాళ్ళ ఇళ్ళల్లోనే జరుగుతుంది. బుద్ధిగా ఉండే ఆడపిల్లను చూసి, ‘నువ్వే వాణ్ణి చూసుకోవాలమ్మా’ అని బాధ్యత పెడతారు, టీచరూ పెడుతుంది, ఇంట్లోవాళ్ళూ మెచ్చుకుంటారు. ఏడాదంతా ఆ పిల్ల వాడి సంచీ మోస్తూ, చెయ్యి పట్టుకుని తిప్పుతూ తన ఆట మానుకుంటుంది. వాడికీ ఒక చిన్న టీచరు దొరికింది తప్ప నేస్తం దొరకలేదు. సాయం వంతులవారీగా ఉండాలి, మగపిల్లలకూ వంతు రావాలి. ఆ అబ్బాయికి కూడా ఇంకొకళ్ళకు చేసే పని ఒకటి ఉండాలి. మధ్యాహ్న భోజనం దగ్గర పళ్ళేలు అందించడమో, ప్రార్థన గంట కొట్టడమో.

పుట్టినరోజులకు క్లాసులో ఇరవైమందిని పిలిచి ఒక్కరిని వదిలేయకండి. పిలిచేముందు వాళ్ళమ్మకు ఫోను చేసి, ఏం తినకూడదు, బెలూన్లు పేలిస్తే భయమా అని రెండు ముక్కలు అడగండి. ఆ ఫోను కోసం ఆవిడ ఎన్నేళ్ళుగా చూస్తోందో మీరు ఊహించలేరు. ఇక బడి వాట్సాప్ గ్రూపులో ఏ పిల్లయినా ఏడుస్తున్న, పడిపోతున్న, వింతగా ప్రవర్తిస్తున్న వీడియో వస్తే ముందుకు పంపకండి.

డిసెంబరు 3 గురించి నా అభిప్రాయం చెబితే కొందరికి కోపం రావచ్చు. ఐక్యరాజ్యసమితి 1992లో పెట్టిన రోజు అది, ఉద్దేశం గొప్పదే. మన దగ్గర అది దుప్పట్లు పంచే రోజుగా మారింది. దివ్యాంగ పిల్లల్ని ఒకచోట చేర్చి, వాళ్ళకే పోటీలు పెట్టి, ముఖ్య అతిథి చేత బిస్కెట్ ప్యాకెట్లు ఇప్పించి ఫొటో తీయించి పంపేస్తారు. నిజంగానే అరటిపండ్లు పంచుతారు, వాళ్ళను అరటిపండ్లు చేసి. ప్రాథమిక బళ్ళో ఆ రోజు చేయాల్సింది బడి మొత్తానికీ కలిపి ఆటలు పెట్టడం. పైన చెప్పిన గంతల క్రికెట్టు, జెండా కుర్చీలాట ఆ రోజు మొదలెడితే ఆటల పోటీల నాటికి పిల్లలకు అలవాటవుతాయి. లూయీ బ్రెయిలీ పుట్టినరోజు జనవరి 4. ఆ రోజు ప్రతి పిల్లా తన పేరు బ్రెయిలీ చుక్కల్లో రాసుకుని ఇంటికి పట్టుకెళ్తే అమ్మానాన్నలకూ ఒక పాఠం.

తల్లిదండ్రుల సమావేశాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరిగాయి. మొదటిసారి అమ్మలకు ముగ్గుల పోటీ, నాన్నలకు తాడు లాగుడు పెట్టారు, భోజనాలు కలిసి చేశారు. బాగుంది. అమ్మానాన్నల్లో కూడా వినపడనివాళ్ళు, నడవలేనివాళ్ళు ఉంటారని ఆ హడావుడిలో మరిచిపోతుంటాం. వినపడని అమ్మకు సమావేశంలో చెప్పినవి చీటీ మీద రాసి చూపించడానికి పక్కన ఒకరు కూర్చుంటే చాలు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బళ్ళలో యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది మహిళలు ఉండాలి. అవకాశాలకు దూరమైన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. 2012 సవరణ తర్వాత దివ్యాంగ పిల్లలు ఆ వర్గంలోకే వస్తారు. కమిటీలో అలాంటి తల్లి ఒకరైనా ఉన్నారో లేదో చూడండి. తెలంగాణలో 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న అక్కలకూ ఇదే మాట. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడి అయితే ఇలాంటి కమిటీ ఉండాలన్న నియమం లేదు, అక్కడ ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళి ప్రిన్సిపాలుతో మాట్లాడాలి. ఒక్కరే వెళ్తే ఫిర్యాదులా వినిపిస్తుంది. తమ పిల్లకు ఏ ఇబ్బందీ లేనివాళ్ళు ముందు నిలబడి మాట్లాడితే బడివాళ్ళు ఇంకా శ్రద్ధగా వింటారు.

వచ్చే సమావేశంలో ఎవరో ఒకరు లేచి అడగండి. వార్షికోత్సవంలో, ఆటల్లో ప్రతి పిల్ల పేరూ, ఆ పిల్ల ఏం చేస్తుందో జాబితా చదివి వినిపించమనండి. ‘ఇతరులు’ అన్న చోట ఎవరున్నారో, చెట్టు వేషాలు ఎవరివో అడగండి. సంక్రాంతి సెలవులకు ముందే అడగండి. బట్టలు కుట్టించాక ఏ బడీ జాబితా మార్చదు.